కాదనని పెద్దమనిషి ఒకరు కావాలి

వాకాడు,
ఆదివారం మధ్యాహ్నం.

చి. ల. సౌ. బుజ్జికి అత్త ఆశీర్వదించి రాసేది. మామయ్యకు మోకాలి నొప్పి తగ్గింది గానీ దాని గురించిన కబుర్లు తగ్గలేదు.

నువ్వు ఫోనులో అడిగిన మాటకు అప్పుడే జవాబు చెప్పి ఉండొచ్చు. చెబితే పొయ్యి మీద పాలు చూసుకుంటూ వింటావు, సగం పోతుంది. అందుకే రాస్తున్నా. పోస్టాఫీసు కౌంటర్లో బతుకు గడిపినదాన్ని, ఉత్తరం రాయడం నాకు మర్యాద కూడా.

నాకు అర్థమైన మటుకు సంగతి ఇది. మీ బావగారి పిలకాయలు ఓర్లాండో నుంచి పండక్కి వచ్చారు. మెడలో పట్టీలు, పట్టీల నిండా రంగురంగుల పిన్నులు. డిస్నీ పార్కులో ఒకటిచ్చి ఒకటి తీసుకున్నామని వాళ్ళు చెప్పిన కథలు విన్నప్పటి నుంచి మన పెద్దాడికీ చిన్నదానికీ అదే ధ్యాస. నువ్వేమో ఆన్‌లైన్‌లో వంద పిన్నుల ప్యాకెట్టు చవకగా ఉంది, తెప్పించనా అంటున్నావు.

తెప్పించొద్దు. టోకున చవకగా అమ్మే ఆ పిన్నుల్లో దొంగ అచ్చులు జాస్తి. రంగు అంచులు దాటి ఉంటుంది, వెనక ముద్ర అలుక్కుపోయి ఉంటుంది. అమెరికాలో వాటికి స్క్రాపర్లని పేరే పెట్టారు. దొంగవో దొరవో అట్టుంచు, వంద ఒక్కసారి చేతికొస్తే పిల్లవాడికి దేని మీదా మమకారం పుట్టదు. మమకారం లేని వస్తువును ఇచ్చేయడంలో కష్టం లేదు, కష్టం లేని చోట మార్పిడిలో రుచీ లేదు.

ముందు ఆ ఓర్లాండో వ్యవహారం ఏందో సరిగ్గా చూడు. పిన్నుల మార్పిడి డిస్నీతో పుట్టింది కాదు. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఎవరు ఆటగాడో, ఎవరు న్యాయనిర్ణేతో తెలియడానికి అట్ట బిళ్ళలు తగిలించుకున్నారు. ఆ బిళ్ళలే రానురాను దేశదేశాల వాళ్ళు చేతులు మార్చుకునే పిన్నులయ్యాయి. 1988లో కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్ వచ్చేసరికి కోకాకోలా కంపెనీ అచ్చంగా పిన్నుల మార్పిడి కోసమే ఒక కేంద్రం తెరిచింది. డిస్నీ వాళ్ళు దీన్ని 1999 అక్టోబరులో, కొత్త సహస్రాబ్ది వేడుకల్లో భాగంగా ఫ్లోరిడా పార్కులో మొదలుపెట్టారు. వ్యాపారమే, అందులో సందేహం లేదు. పిన్ను అమ్మితే వాళ్ళకు డబ్బు, ఇంకోటి కొనిపిస్తే ఇంకా డబ్బు. కానీ ఆ వ్యాపారంలో ఒక తెలివి ఉంది, అది మనం ఎత్తుకు రావాల్సిన తెలివి.

అక్కడ పనిచేసే ఉద్యోగులు కొందరు మెడలోనో, నడుము దగ్గర చిన్న అట్ట మీదో పిన్నులు పెట్టుకుని తిరుగుతారు. ఏ పిల్లవాడైనా వాళ్ళ దగ్గరికెళ్ళి ఫలానాది కావాలని తనది ఒకటి చూపించొచ్చు. ఒకటికి ఒకటి. పిన్ను లోహపుదై ఉండాలి, వెనక డిస్నీ హక్కు ముద్ర ఉండాలి. ఒక ఉద్యోగితో ఒకరు రోజుకు రెండే మార్చుకోవాలి. డబ్బు మాట రాకూడదు. పిల్లవాడు ఇచ్చేది ఈ కట్టుబాట్లకు సరిపోతే ఉద్యోగి కాదనడు. నాది మంచిది, నీది నాసిరకం అని వాదించడు. పెద్దలతో కాకుండా పిల్లలతో మాత్రమే మార్చుకునే ఉద్యోగులకు ఆకుపచ్చ పట్టీ వేసిన కాలం కూడా ఉంది.

ఆ పార్కులో అసలు ఘనత పిన్నుది కాదు బుజ్జీ, ఆ కాదనని మనిషిది. ఆరేళ్ళ పిల్ల తనకంటే మూడింతలు ఎత్తున్న కొత్త మనిషి ముందు నిలబడి, తల ఎత్తి, నాకు అది కావాలి, దానికి ఇది ఇస్తాను అంటుంది. మోసపోదు, ఎగతాళి పాలు కాదు, వట్టి చేతుల్తో రాదు. రెండోసారి అదే పిల్ల అమ్మ చెయ్యి వదిలి తనే పోతుంది.

మనకూ మార్పిడి కొత్త కాదు. అగ్గిపెట్టె అట్టలు, సిగరెట్ పెట్టె అట్టలు, మీ కాలంలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెటర్ల చీటీలు, తర్వాత చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్ బిళ్ళలు, ఇప్పుడు రెజ్లింగు కార్డులు. కానీ మన వీధుల్లో మార్పిడికి రాజు ఎప్పుడూ తొమ్మిదో తరగతి మగపిల్లవాడు. ధర వాడు చెప్పిందే. చిన్న పిలకాయలు ఏడుస్తూ ఇంటికి రావడం, అమ్మ పోయి ఆ అమ్మతో తగవు పెట్టుకోవడం, రెండిళ్ళ మధ్య ఆర్నెల్లు మాటల్లేకపోవడం. మనకు వస్తువు ఎన్నడూ కరువు కాలేదు, ఆ ఆకుపచ్చ పట్టీ మనిషే కరువు.

ఆ మనిషి సంగతికి తర్వాత వస్తా. మొదట ఏ వస్తువుతో మొదలుపెట్టాలో తేల్చుకుందాం.

నా పక్షపాతం నీకు తెలుసు, స్టాంపులతో మొదలుపెట్టు. పిన్ను గుచ్చుకుంటుంది, పోతే దొరకదు, ఒక్కోదానికి డబ్బు పెట్టాలి. స్టాంపుకు ఆ బాధల్లేవు, పైగా మన ఊరి కథ మోసే స్టాంపులు ఉన్నాయి. సూళ్లూరుపేటలో ఉంటూ రాకెట్టు స్టాంపు లేని పిల్లవాడు ఉండకూడదని నా పట్టు. 1975లో ఆర్యభట్టకు 25 పైసల స్టాంపు వేశారు. ఆ ఉపగ్రహం మన దగ్గర నుంచి కాదు, రష్యా నుంచి పోయింది, ఆ తేడా పెద్దాడికి చెప్పు. 1980 జులై 18న మన శ్రీహరికోట నుంచే ఎస్‌ఎల్‌వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది, మరుసటి ఏడు దానికి రూపాయి స్టాంపు వచ్చింది. 1982లో యాపిల్ ఉపగ్రహానికి రెండు రూపాయలది. ఆ ఉపగ్రహాన్ని ఎద్దుల బండి మీద పెట్టిన ఫోటో ఉంది చూడు, ఆ ఫోటో చూపించి ఈ స్టాంపు ఇస్తే ఏ పిల్లా వద్దనదు. 1984లో రాకేశ్ శర్మ ప్రయాణానికి మూడు రూపాయలది. 2015లో ఫ్రాన్సూ మనమూ కలిసి వేసిన స్టాంపుల మీద మేఘాట్రోపిక్స్, సరళ్ ఉపగ్రహాలు ఉంటాయి, రెండూ మన దీవి నుంచి ఎగిరినవే. పొట్టి శ్రీరాములు గారి స్టాంపు 2000లో వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి మీ ఊరిని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, పిలకాయలకు ఆయన స్టాంపు చూపించి మనం నెల్లూరోళ్ళమని చెప్పడానికి కలెక్టరు అనుమతి అక్కర్లేదు.

ఇవన్నీ మొదటి రోజే కొనివ్వకు. ఒక్కోటిగా, అదీ వాళ్ళు ఏదో ఇచ్చి తెచ్చుకున్నట్టుగా రావాలి. మొదటి పెట్టుబడి ఉచితం. మీ వీధిలో, మీ ఆయన ఆఫీసులో వచ్చే కవర్లు అడుగు. ఈ రోజుల్లో స్టాంపు అంటించిన కవర్లు తగ్గాయి, నిజమే, అందుకే అడగాలి. అడగడమే ఈ ఆటలో మొదటి పాఠం. పెద్దాణ్ణి పంపి అడిగించు, నువ్వు అడగకు.

స్టాంపును కవరు నుంచి పీకకూడదు. చుట్టూ వేలెడంత కాగితం వదిలి కత్తిరించి, బొమ్మ పైకి ఉండేట్టు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట తేలనిస్తే బంక కరిగి దానంతటదే జారుతుంది. తెల్ల గుడ్డ మీద బోర్లా ఆరబెట్టి, ఆరాక లావు పుస్తకం మధ్యలో ఉంచాలి. స్టిక్కరు లాగా అంటుకునే రకం నీళ్ళలో రాదు, దాన్ని కాగితంతోనే ఉంచేయడం మేలు. చేత్తో కాదు, మొన బల్లపరుపుగా ఉండే పట్టకారుతో పట్టుకోవాలి. చిన్నదానికి ఆ పట్టకారే సగం సరదా. తేదీ ముద్ర చక్కగా పడిన కవరు, ఏదైనా ప్రత్యేక సందర్భం కవరు కనిపిస్తే కత్తెర దగ్గరికి రానివ్వకు, కవరు కవరుగా దాచాలి.

మన కోస్తాలో స్టాంపుకు శత్రువు దొంగ కాదు, తేమ. బంక ఉన్న కొత్త స్టాంపులు కార్తీకం వానలకు ఒకదానికొకటి అతుక్కుని అప్పడాల కట్టలాగా అయిపోతాయి. మధ్యలో బటర్ పేపరు పెట్టు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లున్న చవక ఆల్బములు కొనకు, ఆ ప్లాస్టిక్ కొన్నేళ్ళకు స్టాంపు రంగు పీల్చేస్తుంది. పుస్తకం పడుకోబెట్టకుండా నిలబెట్టు. మందుల సీసాల్లో వచ్చే చిన్న తెల్ల సంచులు పారేయకుండా పుస్తకం ఉన్న అరలో వెయ్యి. తుపాను కబురు వస్తే గోద్రెజ్ బీరువా పై అరకు మార్చు.

ఇక నా సొంత ఉపాయం ఒకటి. దీనికి ఖర్చు యాభై పైసలు. రాకెట్టు ఎగిరే రోజు పొద్దున్నే పిల్లల చేత ఒక్కో పోస్టుకార్డు మీద తమ చిరునామా తామే రాయించి, సూళ్లూరుపేట పోస్టాఫీసు కౌంటర్లో ఇప్పించు. ముద్ర స్పష్టంగా పడేట్టు కొట్టమని నోరు తెరిచి అడగమను. ఆ తేదీతో, మన ఊరి పేరుతో కార్డు తిరిగి ఇంటికే వస్తుంది. 2023 జులై 14 ముద్ర ఉన్న సూళ్లూరుపేట కార్డు ఒకటి ఊహించుకో, చంద్రయాన్-3 పోయిన రోజు. ఓర్లాండో పిలకాయల దగ్గర ఎన్ని మిక్కీ మౌసులు ఉన్నా ఇది ఉండదు. ఆదివారం ప్రయోగమైతే ముద్ర సోమవారం పడుతుంది, ఏం చెయ్యలేం. ప్రయోగం వాయిదా పడిందా, ఆ కార్డు పారేయొద్దు. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను ఇంకా 56 నిమిషాలుందనగా ఆపేశారు, వారం తర్వాత 22న పంపారు. 15వ తేదీ ముద్ర ఉన్న కార్డు దొరికితే నేను 22వ తేదీది ఇచ్చి మరీ మార్చుకుంటా. ఎగిరిన రోజు అందరూ దాస్తారు, ఆగిన రోజు ఎవరు దాస్తారు!

కార్డు వెనక పిల్లలు ఆ రోజు చూసింది రెండు వాక్యాలు రాయాలి. దీనికి మినహాయింపు ఇవ్వకు. రెండు వాక్యాలు లేని కార్డు మార్పిడికి పనికిరాదని కట్టుబాటు పెట్టు.

పిన్నులే కావాలని చిన్నది మొండికేస్తే, ఇస్రో బొమ్మ బ్యాడ్జీలు ఒకటో రెండో కొనివ్వు, పోనీ. పిన్ను వెనక ముల్లుకు రబ్బరు తొడుగు ఉందో లేదో చూడు. మెడపట్టీ లాగితే ఊడిపోయే కొక్కెం ఉన్నదే వాడు, ఉయ్యాల మీద, జారుడుబల్ల మీద మామూలు తాడు ప్రమాదం.

మార్పిడిలోకి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. నేలపట్టులో పెలికాన్ల ఈకలు కింద పడి ఉంటాయి, పిలకాయల చెయ్యి ఊరుకోదు. అది పక్షుల రక్షిత కేంద్రం, అక్కడ నుంచి ఏదీ తీసుకురాకూడదు. తూపిలిపాళెం, మైపాడు ఒడ్డున గవ్వలు ఏరుకోవడం మనం అందరం చేసిందే, లోపల ప్రాణం లేని చిన్న గవ్వ ఒకటి గూట్లో పెట్టుకుంటే తప్పు లేదు. కానీ 2001లో కొన్ని శంఖు, గవ్వ జాతుల్ని వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు, ఏది ఏ జాతో పిల్లలకు తెలీదు, నీకూ తెలీదు. అందుకని గవ్వ ఇంటి వస్తువు, సంత వస్తువు కాదు.

పాత నాణేలూ నోట్లూ కూడా ఇప్పుడే వద్దు. నాణెం మీద నాకు కోపం లేదు. నాణెం వెనకాలే డబ్బు మాట వస్తుంది, అదీ భయం. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుంటే లక్షలిస్తామని ఫోనుల్లో తిరిగే వార్త మీ ఆయన కూడా నాకు పంపాడు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పుకుని పాత నోట్లు, నాణేలు కొంటామనే వాళ్ళను నమ్మొద్దని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. చెప్పు ఆయనకు.

డబ్బు కళ్ళతో చూస్తే ఏమవుతుందో మన నెల్లూరు నేల మీదే ఒక కథ ఉంది. 1780లలో, నెల్లూరు దగ్గర ఒక రైతు కయ్య దున్నుతుంటే నాగలి ఏదో ఇటుక కట్టడానికి తగిలింది. పాత గుడి ఆనవాలు. దాంట్లో ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా బొమ్మలున్నవి, రెండో శతాబ్దానివి. ఆ రోజుల్లో మన తీరానికి రోమ్ నుంచి ఓడ సరుకు వచ్చేదనడానికి సాక్ష్యం. వాటిని పాత బంగారం లెక్కన తూకానికి అమ్మేశారు, చాలామటుకు కరిగిపోయాయి. మిగిలిన కొన్ని మద్రాసు దొరల చేతిలో పడబట్టి ఆ సంగతి పుస్తకానికెక్కింది. రైతును తప్పుపట్టను, ఇంట్లో ఏ అవసరం ఉందో. నేను అడిగేది ఒక్కటే, పెద్దాడు కొత్త స్టాంపు తెచ్చి చూపించినప్పుడు ఇది ఎంత చేస్తుంది అని ఎవరూ అనకూడదు, ముఖ్యంగా వాళ్ళ నాన్న. ఎవరి దగ్గర సంపాదించావు, ఏం ఇచ్చావు అని అడగండి.

కట్టుబాట్లు ఎక్కువ పెట్టకు. పెట్టినవి నువ్వే తప్పకు. ఒక్కో పిల్లకు రెండు పుస్తకాలు ఉండాలి, ఒకటి ఉంచుకునేది, ఒకటి మార్చుకునేది. ఉంచుకునే పుస్తకంలో ఉన్నదాన్ని ఎవరూ అడగకూడదు, తాతయ్య అడిగినా సరే. మార్చుకునే పుస్తకంలో పెట్టింది ఎవరైనా అడగొచ్చు. ఏది ఎందులో ఉండాలో పిల్లలే తేల్చుకోవాలి. ఎవరైనా బహుమతిగా ఇచ్చింది మార్చేముందు ఇచ్చినవాళ్ళకు ఒక మాట చెప్పాలి, అడగక్కర్లేదు, చెబితే చాలు. నేనిచ్చినవి మార్చేసుకున్నా నేనేమీ అనుకోను, ఇంకొకరు అనుకుంటారు.

ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య మాత్రం వేరే చట్టం. పెద్దాడికి పదేళ్ళు, దానికి ఆరు. వాడు దాన్ని నిలువునా దోచేస్తాడు, దుర్మార్గుడై కాదు, తెలివి వచ్చిన వయసు. అందుకని ఇంట్లో జరిగిన మార్పిడి తెల్లారేదాకా ఖాయం కాదు. పొద్దున లేచి ఎవరైనా వద్దంటే కారణం అడక్కుండా తిరిగి ఇచ్చేయాలి. బయటివాళ్ళతో జరిగింది అప్పటికప్పుడే ఖాయం. ఈ రెండూ ఎందుకు వేరో వాళ్ళకు వివరించబోకు, నాలుగు సార్లు జరిగితే వాళ్ళకే తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది నీ నోరు. బయట మార్పిడి జరిగేటప్పుడు నువ్వు మూడడుగులు వెనక నిలబడు. చిన్నది తన ఎస్‌ఎల్‌వి స్టాంపు ఇచ్చి ఎవరి దగ్గరో తళతళలాడే భూటాన్ సీతాకోకచిలుక తెచ్చుకుంటుంది. నీ గుండె కలుక్కుమంటుంది. అనొద్దు. ఆ సీతాకోకచిలుకను అది వారం రోజులు దిండు కింద పెట్టుకుంటుంది చూడు, ఆ లెక్కన లాభపడింది అదే. ఎవరైనా పెద్దవాడు కావాలని పిల్లను మోసం చేస్తుంటే అడ్డుపడు, అదీ గట్టిగా. పిల్లకు పిల్లకు మధ్య అయితే కల్పించుకోకు. కొందరు తండ్రులు పిల్లవాడి తరఫున తామే బేరాలు చేస్తారు, వాళ్ళ పిలకాయలు పక్కన నిలబడి ఆకాశం చూస్తుంటారు. ఆ తండ్రులకు ఒక ఆల్బము కొనిచ్చి వేరే బల్ల వెయ్యాలి.

పెద్దాడు మొహమాటస్తుడు, వాడికి రెండు వాక్యాలు నేర్పు. అడగడానికి ఒకటి: "మీ పుస్తకం ఒకసారి చూడొచ్చా అండీ?" వద్దనడానికి ఒకటి: "బాగుంది గానీ నాకు వద్దులెండి." రెండోది చాలామంది పెద్దలకే రాదు. అద్దం ముందు అనిపించు, సిగ్గుపడితే మానెయ్, వారం ఆగి మళ్ళీ అనిపించు.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. డిస్నీ జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని మనం ఊరికే తయారుచేసుకోవాలి. ఆ మనిషివి మొదట నువ్వే. ఆకుపచ్చ రిబ్బను ఒకటి మెడలో వేసుకుని, దానికి చిన్న స్టాంపు పుస్తకం తగిలించుకుని, నెలలో ఒక ఆదివారం సాయంత్రం మీ వీధి పిలకాయల మధ్య కూర్చో. కట్టుబాటు డిస్నీదే, ఒకటికి ఒకటి, ఒక్కో పిల్లకు పూటకు రెండు, చిరిగినవి తప్ప దేన్నీ కాదనకూడదు. నీ పుస్తకంలో మంచివి పోయి మామూలువి చేరుతాయి. చేరనీ. వాటిని మళ్ళీ నింపే పూచీ నాది, నా డబ్బాల్లో రెండేసి ఉన్నవి ఏం చేసుకోను?

నువ్వు కుదురుకున్నాక ఇంకో ఇద్దరిని పట్టు. బళ్ళో సోషల్ టీచరు ఒకరు, మీ పోస్ట్‌మ్యాన్ ఒకరు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో సూళ్లూరుపేటకు ఎక్కడెక్కడి బళ్ళ పిలకాయలో వస్తారు. 2001 నుంచి జరుగుతున్న పండగ, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా మళ్ళీ పుంజుకుంది. అక్కడ తిండి అంగళ్ళ పక్కన ఆకుపచ్చ రిబ్బన్లు నాలుగు కనిపిస్తే ఎట్టా ఉంటుందో చూడు. రాకెట్టు చూడ్డానికి శ్రీహరికోటలో షార్ దగ్గర గ్యాలరీ ఉంది కదా, 2019 ఏప్రిల్ నుంచి జనాన్ని రానిస్తున్నారు, ఐదువేల మంది పడతారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి, ఖర్చు లేదు. ప్రయోగానికి ముందు గంటల తరబడి ఎండలో కూర్చోవాలి, పిలకాయలు విసిగిపోతారు. ఆ గంటలు మార్పిడికే పుట్టాయి. పిన్నులు ఇంట్లో పెట్టి స్టాంపు పుస్తకం మాత్రం తీసుకెళ్ళు, సెక్యూరిటీ దగ్గర ముళ్ళ వస్తువుల గొడవ మనకెందుకు. పక్కన కూర్చునేది తమిళ పిల్లలో, కర్ణాటక పిల్లలో అయి ఉంటారు. భాష రాకపోయినా పుస్తకం తెరిస్తే చాలు.

పెద్దాడు వచ్చే ఏడు ఆరో తరగతి. ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలకు తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ అనే స్కాలర్‌షిప్పు ఇస్తుంది, 2017లో మొదలైంది, ఏడాదికి ఆరువేలు. దానికి బళ్ళో స్టాంపుల క్లబ్బులో సభ్యుడై ఉండాలి, లేదా సొంత ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. ఖాతా హెడ్ పోస్టాఫీసులో రెండు వందలు కట్టి తెరవొచ్చు, కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి. మొదట క్విజ్, తర్వాత ప్రాజెక్టు ఉంటాయి. వాడికి ఇప్పుడే చెప్పకు. చెబితే ఆట కాస్తా ట్యూషన్ అయిపోతుంది. ఏడాది గడిచి, ఇంకా వాడి చేతిలో పట్టకారు ఉంటే అప్పుడు చెబుదాం.

మోజు పోయిందనుకో, పోనివ్వు. పుస్తకం ఎవరికీ ఇవ్వకుండా నిలబెట్టి ఉంచు.

ఆకుపచ్చ రిబ్బను నేనే కుట్టి బస్సులో పంపిస్తా. నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. పిల్లల దగ్గర రెండేసి ఉన్న స్టాంపులు ఏవేవో, తమకు కావాల్సినవి ఏవో వాళ్ళ చేతే ఒక పోస్టుకార్డు మీద రాయించి నాకు వెయ్యి. వాట్సాప్‌లో ఫోటో పంపితే జవాబివ్వను.

ఇట్లు,
మీ అత్త.